నా రూముల కరెంటు పోనే పోదు

మా ఫ్యాక్టరీ పాశమైలారంల ఉంటది. రెండు దిక్కుల పెద్ద పెద్ద మందుల కంపెనీలు, నడుమ మేము. పెండ్లి ఫోటోల ఎనక వరుసల నిలబడి తలకాయ మాత్రం కనపడే పొట్టోని లెక్క. మందులల్ల కలిపే ఏదో తెల్ల పొడి చేస్తం. అది దేనికి పనికొస్తదో నాకు ఇప్పటిదాంక ఎవ్వరు చెప్పలె. దాని వాసన మాత్రం మా ఇంట్ల పరుపుకు, మెత్తకు కూడ తెలుసు.

ఆ ఫ్యాక్టరీల నా కొలువు పవర్ రూముల. నేను ఎనిమిదో తరగతి నడుమల బడి ఇడిసిపెట్టిన. నేను బడిని ఇడిసిపెట్టిన్నా, బడే నన్ను ఇడిసిపెట్టిందా అనేది మా లెక్కల సారుకు, నాకు నడుమ తెగని పంచాయితీ. పటాన్‌చెరుల కాలిపోయిన మోటర్లకు తీగ చుట్టే షాపుల చేరి, షాకులు తినుకుంట కరెంటు నేర్చుకున్న. పుస్తకం చదివినోడు మర్చిపోతడు గని, షాక్ కొట్టినోడు మర్చిపోడు. గట్ల చూస్తే నాది శానా పెద్ద చదువు.

పవర్ రూము అంటే ఏదో రాకెట్ ఇడిసే జాగ అనుకోకుండ్రి. ఒక జనరేటర్, ఒక బ్యాటరీల బీరువ, గోడకు ఒక ప్యానెల్, ఆ ప్యానెల్‌కు ఒక పిడి. పిడి ఇటు తిప్పితే బయటి కరెంటు, అటు తిప్పితే జనరేటర్ కరెంటు. ఇంతే. ఈ పిడి ఎందుకంటే, మా తెల్ల పొడిని చల్లటి గదిల పెడతరు. ఆ గది ఎనిమిది డిగ్రీలు దాటిందంటే లోపలి సరుకంత పారబొయ్యాలె. అందుకని కరెంటు పోవద్దు. పోవద్దని కరెంటాఫీసోళ్లకు చెప్తే వినరు గదా, అందుకే నన్ను పెట్టుకున్నరు.

నా పనితనం గురించి నేను చెప్పుకోవద్దు. అయినా చెప్త, వేరేటోళ్లు చెప్తలేరు. నా రూముల కరెంటు పోయేది కాదు. పోకముందే నేను పిడి తిప్పేటోన్ని. ఎట్లంటే, మా దిక్కు లైన్లు చూసే లైన్‌మన్ కర్దనూర్ పిలగాడు, మా ఊరోడే. వాళ్లింట్ల బోరు మోటర్ కాలిపోతే మూడుసార్లు చుట్టిచ్చిన, వానికి నేనంటే భయమో భక్తో తెల్వదు గని, స్తంభం ఎక్కే ముందట నాకు ఫోన్ చేస్తడు. "కాకా, తీస్తున్న" అంటడు. "ఆగురా, రెండు నిమిషాలు" అంట నేను. జనరేటర్ స్టార్ట్ చేసి, పిడి అటు తిప్పి, "ఇగ తియ్యి" అంట. బల్బు ఒక్కసారి కన్ను కొడతది, అంతే. చుట్టుపక్కల కంపెనీలన్ని చీకట్ల ఉంటె, మావోళ్లకు కరెంటు పోయిందనే ముచ్చటే తెల్వదు. గాలి దుమారం లేచినా గంతే. రేకులు కొట్టుకునే చప్పుడును బట్టి లైన్ ఎప్పుడు పడతదో చెప్తుంటి. గిట్ల ఏండ్లు గడిచినయ్. ఎవ్వరికి తెల్వని మంచి పని చేస్తే ఏమైతదో చెప్పనా? నువ్వు ఏ పని చేస్తలేవని అందరు అనుకుంటరు.

మా మేనేజర్ సార్ గట్లనే అనుకున్నడు.

ఎట్ల మొదలైందంటే, మా పొడి కొనేటోళ్లు బయటి దేశపోళ్లు. వాళ్ల మనుషులు చూడనీకి వచ్చిండ్రు. తల మీద ప్లాస్టిక్ టోపీలు, బూట్ల మీద సంచులు, చూస్తే పెండ్లిల వంటోళ్ల లెక్క ఉన్నరు. అన్ని చూసి నా రూముకు వచ్చిండ్రు. నేను స్టూల్ మీద కూసోని పల్లీలు తింటున్న. వాళ్లు సార్‌ను ఏదో అడిగిండ్రు, సార్ మొఖం ఆ చల్లటి గది లెక్క అయ్యింది. మతలబు ఏందంటే, కరెంటు పోతే ఏం చెయ్యాలె అనేది ఒక మనిషి మీద, వాని పల్లీల మీద ఆధారపడి ఉండొద్దు. మిషన్ చెయ్యాలె. ఆ మిషన్ లోపటికి కూడ బయటి నుంచి ఎవడో దొంగ దూరి కరెంటు బంద్ చెయ్యకుండ గట్టి పాలసీ ఉండాలె.

నెల తిరగకముందే గోడకు ఒక పెట్టె వచ్చింది. టిఫిన్ డబ్బా అంత ఉంటది. అండ్ల ఒక చిన్న కంప్యూటర్, ఆ కంప్యూటర్‌ల పవర్ సర్వీసు అనే ప్రోగ్రాం. దాని పని రాత్రి పగలు కరెంటు మీద కన్నేసి ఉంచుడు. కరెంటు పోతే జనరేటర్‌ను లేపాలె, పిడిని మోటర్‌తోని అదే తిప్పాలె, బ్యాటరీలు అయిపోవస్తే ఆఫీసు కంప్యూటర్లను ఒక్కొక్కటే పద్ధతిగ పండవెట్టాలె. అంటే నేనే. పల్లీలు తినని నేను.

సార్ నన్ను పిలిచి ప్రేమగ చెప్పిండు. మూడు నెలలు పెట్టె సరిగ్గ పనిచేస్తే పవర్ రూముకు ఇగ మనిషి అవసరం లేదు, నిన్ను గేటు కాడ వేస్తం అన్నడు. గేటు అంటే ఎండల కుర్చీ, చేతిల రిజిస్టర్, వచ్చేటోనికి పొయ్యేటోనికి సలాం. "జీతం గదే ఉంటది" అని కూడ అన్నడు, ఏదో వరం ఇస్తున్నట్టు. నాకు జీతం గురించి కాదు. ఆ రూముల నేను రాజును. గేటు కాడ రాజు ఉండడు, రాజు కార్ల పోతుంటె గేటు తీసేటోడు ఉంటడు.

పెట్టెకు పాలసీ రాయనీకి ఒక మేడం వచ్చింది. వాళ్ల నాయన కోస్తా దిక్కు నుంచి ఎప్పుడో సర్కారు ఫ్యాక్టరీల కొలువుకు వచ్చి ఈడనే ఉండిపోయిండట. ఆమె ఈడనే పుట్టింది, ఇంద్రేశంల కొత్త లేఅవుట్ల ఇల్లు కట్టుకున్నరు, అయినా మాట మాత్రం ఇంకా కృష్ణ దాటి రాలె. నన్ను "అన్నా, మీరు" అంటది. మా ఫ్యాక్టరీల నన్ను మీరు అన్న మొదటి మనిషి ఆమెనే. మొదటి రోజు ఎవర్ని పిలుస్తుందా అని ఎనకకు తిరిగి చూసిన.

ఆమె మంచిదే. తప్పేందంటే నా కొలువు తీసే పని మీద వచ్చింది. అందుకని మొదటి వారం ఆమెను సతాయించిన. మేడం, మీ పెట్టెకు సెలవులు ఉంటయా? దసరాకు పోతదా? జీతం ఎంత ఇస్తుండ్రు? అని అడిగిన. ఆమె నవ్వుకుంట తన పని తాను చేసుకుంది. నవ్వేటోళ్లతోని దుష్మనీ చేసుడు శానా కష్టం.

ఒకరోజు చాయ్ తాగుకుంట, ఈ పాలసీ ఏందో నాకు జెర సమజయ్యేటట్టు చెప్పుమన్న. ఆమె చెప్పింది నేను నా భాషల చెప్త. మామూలు కంప్యూటర్ల రూట్ అని ఒకడు ఉంటడు. వాడు ఆ మిషన్‌కు దొర. ఏదన్న తెరుస్తడు, ఏదన్న మూస్తడు, అడిగేటోడు లేడు. దొంగోడు ఎట్లనో దొర అంగి తొడుక్కుంటే చాలు, ఊరు వానిదే. ఈ కొత్త పాలసీల గట్ల కాదు. ప్రతి ప్రోగ్రాంకు ఒక లేబుల్, ప్రతి వస్తువుకు ఒక లేబుల్. ఏ లేబులోడు ఏ లేబుల్ దాన్ని ముట్టుకోవచ్చో ఒక జాబితా. జాబితాల ఉంటే ముట్టుకో. లేకుంటే లేదు. ఎందుకు లేదు అని అడగనీకి కూడ లేదు.

"మరి దొర వచ్చి అడిగితే?" అన్న.

"దొరకైనా జాబితాలో రాసి ఉంటేనే అన్నా. లేకపోతే ఆయన కూడా బయటే."

నాకు ఆ మాట గంటసేపు చాయ్ కన్న తియ్యగ అనిపించింది. ఇంత మంచి చట్టం కండ్లు లేని డబ్బాకు పెట్టిండ్రు, మనుషులకు ఎందుకు పెట్టలేదో.

ఇగ ఆ జాబితా ఎవరు రాస్తరు? అక్కడనే ఉంది అసలు కథ. జాబితాను ఊహించి రాయరట. మొదలు ఒక నెల పెట్టెను చూసుడు మోడ్‌ల పెడతరు. అంటే పవర్ సర్వీసు ఏం చేసినా ఆపది, డైరీల రాసుకుంటది అంతే. ఈ రోజు బ్యాటరీ మీటర్ చదివింది, ఈ రోజు గడియారం చూసింది, గిట్ల. నెల అయినంక ఆ డైరీ చూసి, రోజు చేసే పనులన్ని జాబితాల ఎక్కించి, అప్పుడు తాళం ఏస్తరు. ఆనాటి నుంచి జాబితాల లేని పని జరగదు. కొత్త కోడలు అత్తగారింటికి వచ్చిన మొదటి నెల ఏమనదు సూడు, అన్ని చూసి మనసుల రాసుకుంటది, రెండో నెల నుంచి ఇంటికి ఏం కావాలెనో ఏం వద్దో ఆమెనే చెప్తది. అచ్చం గదే.

ఆ నెల నేను చేసిన పని నా బతుకుల ఎప్పుడు చెయ్యలె. రూము కడిగిన. ప్యానెల్ తుడిచిన. పల్లీలు బంద్ చేసిన. సార్ చూస్తుండు, మేడం చూస్తుంది, ఆ పెట్టె కూడ చూస్తుంది. నా పనితనం ఏందో చూపియ్యాలె గదా. పెట్టెను హ్యాండ్ల, అంటే చేత్తోని నడిపే మోడ్‌ల పెట్టి, లైన్‌మన్ ఫోన్ చేసుడే ఆలస్యం, జనరేటర్ లేపిన, పిడి తిప్పిన, మళ్ల కరెంటు వస్తే పెట్టెను ఆటోల పెట్టిన. గాలి లేస్తే గంట ముందటనే లేపిన. వానను వాసన పట్టిన. ఆ నెల మొత్తం మా ఫ్యాక్టరీల ఒక్క బల్బు సక్కగ కన్ను కొట్టలె. పెట్టె గోడకు కూసోని డైరీ రాసుకుంటుంది పాపం: ఈ రోజు కరెంటు ఉంది, ఈ రోజు కరెంటు ఉంది.

నెల ఆఖరుకు మేడం పేపర్ పట్టుకోని వచ్చి అడిగింది.

"అన్నా, ఈ నెలలో కరెంటు ఎప్పుడైనా పోయిందా?"

నేను ఛాతీ ఇంత చేసుకోని చెప్పిన. "నా రూముల కరెంటు పోనే పోదు మేడం."

ఆమె రాసుకుంది. నాకు మస్తు గర్వమైంది. ఆ ఒక్క మాట ఆ రోజు ఎంత బాగ చెప్పిన్నో, దాన్ని ఇప్పటికి తలుసుకోని తలకాయ పట్టుకుంట.

న్యాయానికి చెప్పాలె, ఆమె ఊకె నమ్మలె. ఒకసారి మెయిన్ తీసి చూద్దాం, పెట్టె ఏం చేస్తదో తెలుస్తది అన్నది. సార్ ఒప్పుకోలె. ఈ వారం బ్యాచ్ నడుస్తుంది అన్నడు. ఆదివారం అంటే ఆదివారం లోడింగ్ ఉంది అన్నడు. వచ్చేవారం అంటే వచ్చేవారం బయటి దేశపోళ్లకు రిపోర్ట్ పంపాలె అన్నడు. కరెంటు పోతే ఏం చెయ్యాలెనో చూడనీకి కరెంటు తీసే టైం మా ఫ్యాక్టరీల లేదు. సంతకం పెట్టనీకి మాత్రం ఉంది.

తాళం ఏసే రోజు పెట్టెకు పసుపు కుంకుమ పెట్టిండ్రు. కొబ్బరికాయ కొట్టిండ్రు, నీళ్లు లోపటికి పోకుండ మేడం పేపర్ అడ్డం పెట్టింది. సార్ నా పిడిని మోటర్ తప్ప మనిషి చెయ్యి తిప్పకుండ ఒక తాళం ఏసి, చెవి జేబుల ఏసుకున్నడు. "ఇగ దీన్ని ఎవరు ముట్టొద్దు, నువ్వు అసలుకే ముట్టొద్దు" అన్నడు. ఆ పిడి మీద నా చెయ్యి అరిగిన గుర్తు ఉంటది. దాని మీద కొత్త ఇత్తడి తాళం. మూడు నెలల లెక్క ఆనాటి నుంచి మొదలైంది.

రెండో వారంల ఒక మధ్యాహ్నం లైన్‌మన్ ఫోన్ చేసిండు.

"కాకా, తీస్తున్న."

"తీసుకో రా. ఇప్పుడు నాకు సంబంధం లేదు, పెట్టెకు ఫోన్ చెయ్యి" అన్న.

"దాని నంబర్ ఏంది?" అన్నడు. మా ఊరోడు గదా, తెలివికి కొదువ లేదు.

కరెంటు పోయింది. ఏండ్ల తర్వాత నా రూముల కరెంటు పోవుడు నేను కూసోని చూసిన. ఒక్క నిమిషం మస్తు మజా వచ్చింది. పెట్టె మీద ఎర్ర లైటు ఎలిగింది. ఇప్పుడు జనరేటర్ లేస్తదని చూస్తున్న. లేవలె. ఎర్ర లైటు ఆరుతుంది, ఎలుగుతుంది. జనరేటర్ మాత్రం మా పెద్దబావ లెక్క పండుకోని ఉంది. ఐదు నిమిషాలాయె, పది నిమిషాలాయె. మజా పోయింది. చల్లటి గది ముందటి మీటర్ నాలుగు దాటింది.

సార్‌కు ఫోన్ చేసిన. సార్ కర్దనూర్ల ఏదో ఫంక్షన్ల భోజనం కాడ ఉన్నడు. తాళంచెవి సార్ జేబుల ఉంది, జేబు సార్‌తోని ఉంది. తాళం పగలగొట్టనా అని అడిగిన. అది కంపెనీ తాళం, చెయ్యి పెడితే నీ కొలువు ఇప్పుడే పోతది అన్నడు. సామాను సంచిల ఉన్న సుత్తెను చూసిన, తాళాన్ని చూసిన, మళ్ల సుత్తెను సంచిల పెట్టిన. నేను ధైర్యవంతున్ని అని ఎక్కడ చెప్పలె గదా.

మేడంకు ఫోన్ చేసిన. ఆమె ఇంద్రేశంల ఇంటి నుంచే పెట్టె లోపటికి దొర అంగి తొడుక్కోని పోయింది. జనరేటర్‌ను లేపు అని దొర హుకుం ఇచ్చింది. కుదరదు అన్నది పెట్టె. మళ్ల ఇచ్చింది. మళ్ల కుదరదు. ఫోన్ల ఆమె ఊపిరి ఇనపడుతుంది. "అన్నా, నన్ను కూడా ఆపుతోంది. నేను రాసిన రూలే" అన్నది మెల్లగ. జాబితా మార్చాలన్నా పెట్టె కాడికి వచ్చి కూసోనే మార్చాలెనట. దొర గేటు బయట, గేటుకు తాళం, ఆ తాళం దొరనే ఏసింది.

ఇంతల బ్యాటరీలు అయిపోవచ్చినయ్. ఆఫీసు కంప్యూటర్లను పద్ధతిగ పండవెట్టాలని పెట్టె చూసింది, అది కూడ జాబితాల లేదట, కుదరదు అని దానికి అదే చెప్పుకుంది. అన్ని కంప్యూటర్లు ఒక్కసారే గుడ్లు తేలేసినయ్. చల్లటి గది తలుపు ఎవ్వరు తెరవకుండ నేను వీపు ఆనిచ్చి నిలబడ్డ. మీటర్ ఆరు, ఆరున్నర, ఏడు. ఎనిమిదైతే సరుకు పాయె. సార్ బైకు మీద వచ్చిండు, అంగి మీద పప్పు మరక, చేతికి ఇంకా అన్నం. ఆ చేత్తోనే తాళం తీసిండు. నేను జనరేటర్ లేపిన, పిడి తిప్పిన. మీటర్ ఏడున్నర కాడ ఆగి, ఇగ ఎనకకు మళ్లింది. బయటోళ్లకు చెప్తే ఇందుల ఏముంది అంటరు. ఆ అరడిగ్రీ ఎంత పెద్దదో నా వీపుకు తెలుసు.

ఆ సాయంత్రం నేను మా ఫ్యాక్టరీల పెండ్లికొడుకును. సార్ నా భుజం మీద చెయ్యేసి, "నువ్వే కరెక్టు రా, మనిషిని మించిన మిషన్ లేదు" అన్నడు. ఎప్పుడు పేపర్ కప్పుల చాయ్ ఇచ్చేటోళ్లు ఆ రోజు గాజు గ్లాసుల ఇచ్చిండ్రు. రేపు పెద్ద ఆఫీసోళ్లతోని ఫోన్ మీటింగ్, పెట్టెను పీకేద్దాం, దాన్ని రాసినామె పని కూడ చూద్దాం అన్నడు. నా పవర్ రూము నాది అయింది. నేను ఏమి చెయ్యకుండనే అయింది.

మేడం మాత్రం నా రూముల నేల మీద కూసోని, ఒళ్లె లాప్‌టాప్ పెట్టుకోని పెట్టె డైరీ చదువుతుంది. మొఖం పీక్కపోయింది. జెర సతాయిద్దామని పక్కన పల్లీల పొట్లం ఇప్పిన. మేడం, మీ పెట్టెకు దసరా సెలవు ముందుగాలనే ఇచ్చినట్టున్నరు అన్న. ఆమె నవ్వలె. తెర మీద ఒక లైన్ చూపెట్టింది. పవర్ సర్వీసు జనరేటర్ స్విచ్ ముట్టుకోబోయింది, పాలసీ ఆపింది అని రాసి ఉంది. దాని కింద గదే, దాని కింద గదే. బ్యాటరీలు పోయేదాంక పాపం ఎన్నిసార్లు తలుపు కొట్టిందో.

"ఈ పని నెలంతా ఒక్కసారి కూడా చెయ్యలేదు అన్నా. అందుకే జాబితాలో ఎక్కలేదు. అదే అర్థం కావడం లేదు. నెలలో ఒక్కసారి కూడా కరెంటు పోని ఊరు ఎక్కడుంది?"

నోట్లె పల్లీ నోట్లెనే ఉంది. పాశమైలారంల కరెంటు పోని నెల. ఆ నెలను తయారు చేసింది నేనే. పెట్టె కండ్లు తెరుసుకోని నేర్చుకుందామని కూసుంటే, దాని ముందటి పాఠమంత నేనే చేసేసి, దానికి తెల్ల కాగితం ఇచ్చిన. అది ఆ కాగితాన్నే చట్టం అనుకుంది. దాని తప్పు లేదు, ఆమె తప్పు కూడ శానా లేదు.

ఏమో మేడం అని చెప్పి ఇంటికి వచ్చిన.

ఇంట్ల మా ఆమెకు చెప్పిన. గాజు గ్లాసు ముచ్చట ముందుగాల చెప్పిన, ఈ ముచ్చట తర్వాత. ఆమె రొట్టెలు కొడుతుంది. చెప్పకుంటే ఏమైతది అన్నది. పెట్టెను పీకుతరు, రూము నాకే ఉంటది, ఆ పిల్ల మాట పడతది అన్న. చెప్తే ఏమైతది అన్నది. జాబితా సరిచేస్తరు, పెట్టె పనిచేస్తది, నేను గేటు కాడికి పోత అన్న. ఆమె రొట్టె తిప్పేసి, "నీ నోట్ల నువ్వుగింజ నానదు. రేపు మీటింగ్ దాంక ఆగుతవో లేదో గది చెప్పు ముందుగాల" అన్నది.

నేను పెద్ద ధర్మరాజును అని మీరు అనుకోవద్దు. నిజం చెప్తున్న, నాకు నిద్ర పట్టకపోవుడుకు కారణం ఆ పిల్ల కాదు, ధర్మం కాదు. అంత పెద్ద మిషన్‌ను, పాలసీని, బయటి దేశపోళ్ల టోపీలను నా ఒక్క పనితనం పడగొట్టింది, ఆ ముచ్చట ఎవ్వరికి తెల్వకుండ పోతది అనే బాధ. ఎవ్వరికి తెల్వని మంచి పని ఏండ్ల సంది చేసిన. ఇది కూడ గట్లనే పోవాల్నా?

పొద్దుగాల్ల చూస్తే మేడం మళ్ల గక్కడనే ఉంది, రాత్రి ఇంటికి పోయి తెల్లారకముందే వచ్చిందట. పోయి ముందట నిలబడ్డ.

"మేడం, ఆ నెల కరెంటు మస్తుసార్లు పోయింది. నేనే పోనియ్యలె."

లైన్‌మన్ ఫోన్, రేకుల చప్పుడు, పిడి, హ్యాండ్, ఆటో, అన్ని చెప్పిన. ఆమె లాప్‌టాప్ మూసి, మొఖం చేతులల్ల పెట్టుకోని నవ్వింది. ఏడుస్తుందేమో అనుకున్న ముందుగాల.

"ఇది మీరు చెప్తే మీ రూము సంగతి..." అని ఆపింది.

"ఎరుకే" అన్న. "గేటు కాడ గాలి మంచిగ వస్తదట."

మీటింగ్‌ల ఆమె నా పేరు చెప్పకుండ, పెట్టెకు నేర్చుకునే మోకా రాలేదు అని చెప్పింది. ఇంకో నెల అడిగింది. మోకా ఇయ్యనోడు ఎవడో సార్‌కు సమజై, నన్ను పిలిచి నీకు బుద్ధి ఉందా అని అడిగిండు. జాబితాల లేదు సార్ అన్న. గాజు గ్లాసు మళ్ల పేపర్ కప్పు అయింది.

ఆ నెలల ఒక ఇచ్చిత్రం జరిగింది. ఎనిమిదో తరగతి దాటనోడు చెప్తుంటె ఇంజినీర్ రాసుకుంది. కరెంటు ఎన్ని తీర్ల పోతదో ఆమెకు తెల్వదు. ఆమె పుస్తకంల రెండు తీర్లు ఉన్నయ్, ఉంది, లేదు. నేను చెప్పిన: మూడు తీగలల్ల ఒక్కటే పోతది, అప్పుడు లైట్లు ఎలుగుతయ్ గని మోటర్లు మూలుగుతయ్. వస్తది, పోతది, వస్తది, పోతది, అప్పుడు ఎంటనే నమ్మి పిడి మళ్లియ్యొద్దు, ఒక చాయ్ తాగేంత సేపు ఆగాలె. ఎండకాలం సాయంత్రం ఉంటది గని బలం ఉండదు. తొండ పోయి లైన్ల పడితే ఒక తీరు, గాలికి చెట్టు కొమ్మ తగిలితే ఇంకో తీరు. చాయ్ తాగేంత సేపు అంటే ఎన్ని సెకండ్లు అని ఆమె అడిగింది. ఎవరు తాగేది అని నేను అడిగిన. ప్రతి తీరును నిజంగ చేసి చూపెట్టినం. మెయిన్ నేనే తీసిన, ఈసారి సార్ సంతకం పెట్టి పక్కన నిలబడ్డడు. పెట్టె చూసుడు మోడ్‌ల ఉండి ఒక్కొక్కటే రాసుకుంది.

మిగిలిన రోజులు నా డ్యూటీ చేతులు జేబుల పెట్టుకోని నిలబడుడు. నా బతుకుల అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలె. లైన్‌మన్ ఫోన్ చేస్తడు, నా కాలు దానంతట అదే జనరేటర్ దిక్కు పోతది. మేడం "అన్నా" అంటది. కాలును మళ్ల ఎనకకు తెచ్చుకుంట.

మళ్ల తాళం ఏసిండ్రు. ఈసారి కొబ్బరికాయ కొట్టలె, పోయినసారి కొట్టిన దాని ఫలితం చూసిండ్రు గదా. పిడి తాళంచెవి మాత్రం అద్దం డబ్బాల పెట్టి గోడకు ఏలాడదీసిండ్రు, ఆపదల ఎవరన్న పగలగొట్టి తీసుకోవచ్చు. అది కూడ నేను చెప్పిన రూలే, కంప్యూటర్‌ల లేదు గని.

మొదటిసారి కరెంటు పోయినప్పుడు నేను రూములనే ఉన్న. ఎర్ర లైటు ఎలిగింది. నా చెయ్యి పిడికి జానెడు దూరంల ఉంది. జనరేటర్ దగ్గింది, లేచింది, పిడి దానంతట అదే ఇటు నుంచి అటు తిరిగింది. ఎవరో కనపడని మనిషి నా చెయ్యి పట్టుకోని తిప్పినట్టు. నేను ఎప్పుడు చేసినా రెండు నిమిషాలు పట్టేది, అండ్ల ఒక నిమిషం చెప్పులు ఎతుకుడుకే. ఇది లెక్కపెట్టేలోపల అయిపోయింది. నాకు కోపం వస్తదనుకున్న, రాలె. పెట్టె మంచిగ చేసిందని చెప్పనీకి పక్కకు చూసిన, రూముల నేను తప్ప ఎవ్వరు లేరు.

మూడు నెలలు గడిచినయ్, పెట్టె పాసైంది. నేను గేటుకు వచ్చిన.

గేటు కాడ నాకు ఒక కుర్చీ, ఒక రిజిస్టర్, ఒక జాబితా ఇచ్చిండ్రు. కార్డు లేనోన్ని లోపటికి ఇడువొద్దు అని సార్ స్వయంగ చెప్పిండు. మొన్న ఒకరోజు సార్ కార్డు ఇంట్ల మర్చిపోయి వచ్చిండు. హారన్ కొట్టిండు. నేను గేటు తియ్యలె. "నేనురా" అన్నడు. "మొఖం గుర్తుపట్టిన సార్, మొఖం జాబితాల లేదు" అన్న. బండి మలుపుకోని ఇంటికి పోయి కార్డు తెచ్చుకున్నడు. పెట్టె దగ్గర శానా నేర్చుకున్న నేను.

లైన్‌మన్‌కు మాత్రం నా కొలువు మారిన ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలె. ఇప్పటికి స్తంభం ఎక్కే ముందట ఫోన్ చేస్తడు. నిన్న కూడ చేసిండు. గేటు కాడ లారీ నంబర్ రాసుకుంటున్న.

"కాకా, తీస్తున్న."

నా కాలు కుర్చీ కింద నుంచి కొంచెం లేచింది. చూసి మళ్ల కింద పెట్టుకున్న.

"తియ్యి" అన్న, లారీ నంబర్ల మిగిలిన నాలుగు అంకెలు రాసుకుంట.